హెచ్ఎం మారినా బడి గాడి తప్పకుండా: ప్రాథమిక పాఠశాలలో చార్జి అప్పగింత, మొదటి నెల పని

మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో హెచ్ఎం (ప్రధానోపాధ్యాయులు) మారితే సాధారణంగా జరిగేది ఇది. పొద్దున రిలీవింగ్ ఆర్డరు వస్తుంది. మధ్యాహ్నం శాలువా కప్పి ఫొటో దిగుతారు. సాయంత్రం బీరువా తాళాలు చేతిలో పెట్టి, సీటీసీ (చార్జి మార్పిడి పత్రం) మీద ఇద్దరూ సంతకాలు చేస్తారు. కాగితం మీద చార్జి అప్పగింత అక్కడితో పూర్తి. మూడో తరగతిలో చదవడం రాని ఏడుగురు ఎవరెవరు, వంట ఏజెన్సీకి ఏ నెల నుంచి బిల్లు రావాలి, తండా నుంచి వచ్చే అన్నదమ్ములు మానేస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ వెళ్ళిపోయే మనిషి తలలోనే ఉండి ఆ మనిషితో పాటే బస్సెక్కుతాయి. కొత్తగా వచ్చినవారు అవన్నీ మొదటి నుంచి తెలుసుకునేసరికి దసరా సెలవులు వచ్చేస్తాయి. అక్షరాలు కూడబలుక్కుని చదివే వయసు పిల్లకు ఆ మూడు నెలలు చిన్న నష్టం కాదు.

అందుకే ఇక్కడ చెప్పేది ముఖ్యంగా ఆ తలలో ఉన్నదాన్ని కాగితం మీదికి ఎట్లా దించాలి, వచ్చినవారు దాన్ని ఎట్లా అందుకోవాలి అన్నదే. వరంగల్, హనుమకొండ, ములుగు, మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి జిల్లాల్లో ఇద్దరి నుంచి ఐదుగురు టీచర్లుండే బళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసింది.

మార్పు ముందే తెలుస్తుంది

హెచ్ఎం కుర్చీ ఖాళీ అయ్యే దారులు నాలుగు: బదిలీ, పదోన్నతి, పదవీ విరమణ, దీర్ఘకాలిక సెలవు. వీటిలో ఏదీ పిడుగులా పడేది కాదు. తెలంగాణలో 2021 నుంచి విరమణ వయసు 61 ఏళ్ళు. పుట్టిన తేదీ సర్వీసు రిజిస్టరులోనే ఉంటుంది కాబట్టి ఏ నెలాఖరున దిగిపోతారో ఏళ్ళ ముందే చెప్పొచ్చు. 2023 బదిలీ నియమాల్లో ఒకే చోట 8 ఏళ్ళు నిండిన టీచర్లకు బదిలీ తప్పనిసరి చేశారు. ఎవరికి ఎన్నేళ్ళు నిండాయో స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు. ప్రసూతి సెలవు 180 రోజులు, అదీ ఆరేడు నెలల ముందే తెలిసే విషయం. టీచర్లను అతిగా బదిలీ చేసే పద్ధతి ఆగాలని 2020 జాతీయ విద్యావిధానం రాసింది. రాత ఎట్లా ఉన్నా, మార్పు వస్తుందనే లెక్కతోనే బడి నడవాలి.

కాబట్టి జూన్ 12న బడి తెరిచిన మొదటి వారంలోనే ఒక పని చేయండి. ఈ ఏడాదిలో ఎవరు వెళ్ళే అవకాశం ఉందో, ఆ మనిషి లేని రోజు ఎవరు ఏ పని చూస్తారో సిబ్బంది సమావేశంలో మాట్లాడుకుని మినిట్స్‌లో రాయండి. మధ్యాహ్న భోజనం లెక్క ఒకరికి, యూడైస్ (బడి వివరాల ఆన్‌లైన్ నమోదు), హాజరు యాప్ పని ఇంకొకరికి, తొలిమెట్టు (చదవడం, రాయడం, లెక్కల పునాది కార్యక్రమం) రికార్డు మరొకరికి. ఇద్దరే ఉంటే ఆ ఇద్దరికీ అన్నీ రావాలి. ‘అది సారుకే తెలుసు’ అనే పని బడిలో ఒక్కటి కూడా ఉండకూడదు.

పిల్లల పుస్తకం

అప్పగింతలో అన్నిటికంటే విలువైన వస్తువు ఇది. ఏ చార్జి లిస్టులోనూ లేనిదీ ఇదే. 200 పేజీల నోటుబుక్కు ఒకటి చాలు. తరగతికి కొన్ని పేజీలు కేటాయించి, పిల్లకు ఐదారు లైన్లు వదలాలి.

రాయాల్సింది ఇట్లా ఉండాలి: ‘3వ తరగతి, రోల్ నంబరు 11. గుణింతాలు వచ్చు. ఒత్తుల దగ్గర ఆగుతుంది. “అమ్మ” చదువుతుంది, “పుస్తకం” అని ఉంటే “పుసతకం” అంటుంది. రెండంకెల కూడిక వచ్చు, అప్పు తెచ్చుకునే తీసివేత రాదు: 42లోంచి 17 తీస్తే 35 అని రాస్తుంది. నాయనమ్మ దగ్గర ఉంటుంది, అమ్మానాన్న హైదరాబాద్‌లో మేస్త్రి పనికి పోయారు. ఎడమ చెవి సరిగా వినపడదు, ముందు వరుసలో కుడి చెవి టీచరు వైపు ఉండేటట్టు కూర్చోబెట్టాలి.’

42లోంచి 17 తీస్తే 35 ఎట్లా వచ్చిందో ఆలోచించండి. ఆ పిల్ల 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసింది, 4లోంచి 1 తీసింది. తప్పు ఎక్కడుందో ఈ ఒక్క లైను చెప్పేస్తుంది. ‘లెక్కల్లో వెనుకబడింది’ అని రాస్తే కొత్త టీచరు ఒకట్లు, పదుల నుంచి మళ్ళీ మొదలుపెడతారు, ఆ పిల్లకు తెలిసిందే మళ్ళీ మళ్ళీ చెబుతారు.

2022 ఆగస్టు నుంచి 1 నుంచి 5 తరగతులకు తొలిమెట్టు నడుస్తోంది, స్థాయిల రికార్డు ఎట్లాగూ ఉంటుంది కదా అనిపించవచ్చు. ఆ రికార్డు అవసరమే. కానీ యాప్‌లోకి ఎక్కిన స్థాయి ఒకటి, పిల్ల నోటి నుంచి వచ్చేది ఇంకొకటి ఉన్న సందర్భాలు ఉంటాయి. పై అధికారులు వచ్చే ముందు తొందరలో ఎక్కించినవీ, తరగతి సగటు బాగుండాలని ఒక మెట్టు పైకి వేసినవీ ఉంటాయి. కొత్త హెచ్ఎం దాన్నే నమ్మి పాఠం మొదలుపెడితే నష్టపోయేది పిల్లలే. అందుకని వెళ్ళే ముందు వారంలో మరోసారి నేరుగా చదివించి చూడాలి.

పిల్లకు 5 నిమిషాలు పడుతుంది. రెండో తరగతి తెలుగు పాఠంలోంచి నాలుగు వాక్యాలు చదివించడం, ఐదు పదాలు చెప్పి రాయించడం, ఒక కూడిక, ఒక తీసివేత. 60 మంది పిల్లలకు 300 నిమిషాలు, అంటే 5 గంటలు. ఇద్దరు టీచర్లు పంచుకుంటే రోజుకు 50 నిమిషాల చొప్పున మూడు రోజుల్లో అయిపోతుంది. ఒకరు పరీక్షిస్తుంటే రెండోవారు మిగతా పిల్లలను బొమ్మలు, చదివింపులతో కూర్చోబెట్టాలి. ఇద్దరూ ఒకే గంటలో పరీక్ష పెడితే బడంతా గోలవుతుంది.

తండా బళ్ళలో, గూడెం బళ్ళలో ఇంకో వివరం చేర్చండి: ఇంట్లో ఏ భాష మాట్లాడతారు. మహబూబాబాద్ వైపు ఒకటో తరగతిలో చేరే లంబాడీ పిల్లలకు ‘నీళ్ళు’ కొత్త మాట, ‘పాణి’ సొంత మాట. ములుగు వైపు కోయ పిల్లలదీ అదే పరిస్థితి. టీచరు చెప్పింది అర్థం కాక మౌనంగా ఉన్న పిల్లను ‘మందమతి’ అనుకోవడం కొత్తవారు చేసే పెద్ద పొరపాటు. ఏ పిల్ల రెండు భాషలూ మాట్లాడగలదో, పక్కన ఎవరిని కూర్చోబెడితే మాట అందుతుందో రాసిపెడితే చాలా మేలు.

బియ్యం తూకం వేయకుండా సంతకం వద్దు

చార్జి అప్పగింత తగాదాల్లో ఎక్కువ భాగం బియ్యం దగ్గరే వస్తాయి. మొహమాటం కొద్దీ ‘సరేలే సార్, ఉన్నట్టే’ అని సంతకం పెట్టిన మరుక్షణం నుంచి ఆ తరుగు కొత్తవారి నెత్తిన ఉంటుంది.

లెక్క ఇట్లా చూడండి. ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం. హాజరు పట్టికలో 64 మంది ఉండి సగటున 52 మంది వస్తుంటే రోజుకు 5.2 కిలోలు. 24 పనిదినాలకు 124.8 కిలోలు, అంటే 50 కిలోల సంచులు రెండున్నర. గత మూడు నెలల హాజరు మొత్తాన్ని 100 గ్రాములతో గుణించి, స్టాకు రిజిస్టరులో ఖర్చు రాసిన అంకెతో పోల్చండి. తర్వాత గదిలో ఉన్న బియ్యాన్ని కాటా మీద పెట్టండి.

రిజిస్టరులో 182 కిలోలు ఉండి తూకంలో 165 వస్తే 17 కిలోల తరుగు. కారణాలు రకరకాలు. సంచిని 50 కిలోలుగా రాసుకుని దించుకుంటారు, తూకం వేస్తే కిలో, కిలోన్నర తక్కువ వస్తుంది. పది సంచులకు అదే 10, 15 కిలోలు. ఎలుకలు సంచి కొరికితే ఇంకొంత. గ్లాసుతో కొలిచి వండితే రోజుకు పావుకిలో అటూ ఇటూ అవుతుంది. కారణం ఏదైనా చార్జి లిస్టులో ‘రిజిస్టరు నిల్వ 182, తూకం 165, తరుగు 17 కిలోలు’ అని ఉన్నదున్నట్టు రాసి, ఇద్దరూ సంతకం చేసి, ఒక ప్రతి ఎంఈఓ (మండల విద్యాధికారి) కార్యాలయానికి ఇవ్వండి. తూకం రిజిస్టరు కంటే ఎక్కువ వచ్చినా వదిలేయొద్దు. 52 మంది హాజరు రాసి 45 మందికి వండితే గదిలో మిగులు కనపడుతుంది. మిగులు కూడా జవాబు చెప్పాల్సిన అంకే.

వంటమనుషుల దగ్గర కూర్చుని మూడు విషయాలు అడిగి రాసుకోండి: బిల్లులు ఏ నెల దాకా పెట్టారు, ఏ నెల దాకా పైసలు వచ్చాయి, కిరాణా కొట్టులో, గుడ్ల వ్యాపారి దగ్గర ఎంత బాకీ ఉంది. వారానికి మూడు గుడ్లు పెట్టాలి. బాకీ పెరిగి గుడ్లు ఆగితే ఆ వారమే పిల్లల హాజరులో తేడా కనపడుతుంది. 25 మంది దాకా ఒకరు, 26 నుంచి 100 మంది దాకా ఇద్దరు వంటమనుషులు ఉండాలన్నది నిబంధన. ఆ ఆడవాళ్ళు అప్పు చేసి మరీ పొయ్యి వెలిగిస్తున్న బళ్ళు ఉన్నాయి. కొత్త హెచ్ఎం మొదటి రోజు వాళ్ళతో ‘పాత బిల్లులు నాకు సంబంధం లేదు’ అంటే నెల తిరిగేలోపు వంట ఆగిపోతుంది. ఆ మాట అనడానికి అధికారం కూడా లేదు. బిల్లు బడిది, మనిషిది కాదు.

పైసలు, సంతకాలు, ఓటీపీలు

సమగ్ర శిక్ష కింద వచ్చే పాఠశాల గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది: 30 మంది దాకా 10,000, 31 నుంచి 100 దాకా 25,000, 101 నుంచి 250 దాకా 50,000 రూపాయలు. ఇందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు ఖర్చు చేయాలి. ప్రాథమిక బడికి గ్రంథాలయానికి 5,000, ఆటలకు 5,000 వేరుగా ఉంటాయి. ఇప్పుడు ఈ సొమ్ము బడి ఖాతాలో కూర్చుని ఉండదు. పీఎఫ్ఎంఎస్ (ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ)లో ఖర్చు పరిమితిగా కనపడుతుంది, మార్చి 31 దాటితే పోతుంది. హెచ్ఎం జనవరిలో మారి, కొత్త సంతకం బ్యాంకులో ఎక్కక, మార్చి నెలాఖరులో చెల్లింపు కాగితం తిరిగొచ్చి, పిల్లల చీపుర్లు, చాక్‌పీసుల డబ్బు చేజారడం ఏటా ఎక్కడో ఒకచోట జరిగేదే.

దీనికి మందు ఒక్కటే, చేరిన రోజే మొదలుపెట్టడం. రిలీవింగ్ ఆర్డరు, జాయినింగ్ రిపోర్టు, ఎంఈఓ ఇచ్చిన లేఖ, బడి కమిటీ తీర్మానం నకలు, ఆధార్, పాన్ జిరాక్సులు, రెండు ఫొటోలు ఒక కవరులో పెట్టుకుని పాత హెచ్ఎం, కొత్త హెచ్ఎం కలిసి బ్యాంకుకు వెళ్ళాలి. విడివిడిగా వెళ్తే ‘పాత సారు సంతకం కావాలి’ అని ఒకసారి, ‘కమిటీ చైర్‌పర్సన్ రావాలి’ అని ఇంకోసారి తిప్పుతారు. ఉమ్మడి సంతకం ఉన్న ఖాతా అయితే చైర్‌పర్సన్‌నూ అదే రోజు వెంట తీసుకెళ్ళండి.

నగదు పుస్తకం చివర ఈ లైను లేకుండా చార్జి తీసుకోవద్దు: ‘ఈ తేదీ నాటికి నగదు పుస్తకం నిల్వ ఇంత, పాసుబుక్కు నిల్వ ఇంత, తేడా ఇంత, తేడాకు కారణం ఇది.’ కింద ఇద్దరి సంతకాలు. ఓచర్లు లేని ఖర్చు ఉంటే అది పాతవారి పేరునే నమోదు కావాలి.

లాగిన్ల సంగతి అన్నిటికంటే చిరాకు పెట్టేది. యూడైస్ ప్లస్, ఐఎస్ఎంఎస్ (రాష్ట్ర విద్యాశాఖ పోర్టల్), భోజనం యాప్, హాజరు యాప్, పీఎఫ్ఎంఎస్, బడి జీమెయిల్, వీటిలో చాలావాటి ఓటీపీ పాత హెచ్ఎం సొంత ఫోనుకు వెళ్తుంది. ఆయన కొత్త బడిలో పాఠం చెబుతూ ఫోన్ ఎత్తకపోతే ఇక్కడ పని ఆగుతుంది. వెళ్ళేలోపు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్కొక్క లాగిన్‌లో ఫోన్ నంబరు మార్చాలి. మార్చడం వీలుకానివాటి జాబితా రాసి మండల విద్యావనరుల కేంద్రంలో ఇచ్చి రీసెట్ చేయించాలి. 11 అంకెల యూడైస్ కోడు, బడి ఖాతా నంబరు, గ్యాస్ కనెక్షన్ నంబరు, కరెంటు మీటరు నంబరు ఒక అట్ట మీద రాసి బీరువా తలుపు లోపల అంటించండి. పాస్‌వర్డులు మాత్రం అక్కడ రాయొద్దు.

రిజిస్టర్లలో వేలు పెట్టి చూడాల్సినవి రెండే రెండు. ప్రవేశ రిజిస్టరులో పుట్టిన తేదీ కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే ఆ వరుస నంబర్లు చార్జి లిస్టులో రాయించండి. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఎవరో ఒకరు ఆ తేదీ కోసం వస్తారు. రికార్డు షీట్ల (బడి మారే పిల్లలకు ఇచ్చే పత్రాల) పుస్తకంలో వాడినవి ఎన్ని, ఖాళీవి ఎన్ని, వరుస నంబర్లు తెగకుండా ఉన్నాయా చూడండి. మిగతా స్టాకు, సెలవు, సందర్శకుల, మినిట్స్ పుస్తకాలు లెక్కపెట్టి, చివరి పేజీ నంబరు రాసి సంతకం చేస్తే సరిపోతుంది.

కట్టడం పనులు సగంలో ఉంటే ఫొటోలు తీయండి. 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు గ్రామ మహిళా సంఘం అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెచ్ఎం సభ్య కన్వీనర్. పని ఎంత అయింది, కొలతలు ఎంతవరకు రికార్డయ్యాయి, మేస్త్రికి ఎంత ఇచ్చారు అన్నది ఆ చైర్‌పర్సన్ ముందే చెప్పి రాసుకోవాలి.

ఇన్‌చార్జి అంటే తాత్కాలికం అనుకోవద్దు

విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు; ప్రాథమిక బడికి ప్రత్యేకంగా హెచ్ఎం ఉండాలంటే 150 మందికి పైగా పిల్లలు కావాలి. మన పల్లెల్లో చాలా బళ్ళు ఆ సంఖ్యకు దరిదాపుల్లో లేవు. ఎల్‌ఎఫ్‌ఎల్ హెచ్ఎం (ప్రాథమిక బడికి విడిగా మంజూరైన హెచ్ఎం) పోస్టున్న బళ్ళు వదిలేస్తే మిగతా చోట్ల సీనియర్ ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు)యే ఇన్‌చార్జి. ‘ఎవరో ఒకరు వచ్చేదాకా’ అని తీసుకున్న చార్జి నాలుగైదేళ్ళు నడుస్తుంది. కాబట్టి మొదటి రోజు నుంచీ పూర్తి హెచ్ఎంలాగే పనిచేయాలి. సీనియర్ వద్దంటే రాతపూర్వకంగా ఇప్పించి ఎంఈఓ ద్వారా తర్వాతి వారికి ఆర్డరు తీసుకోవాలి. నోటిమాట మీద నడిపితే మొదటి గొడవలోనే బడి రెండు ముక్కలవుతుంది.

ఇన్‌చార్జికి అసలు ఇబ్బంది తోటి టీచరు దగ్గర వస్తుంది. ఇద్దరిదీ ఒకే హోదా, ఒకే జీతం స్కేలు. ‘నువ్వు చెప్పేదేంది’ అనే మాట బయటికి రాకపోయినా మనసులో ఉంటుంది. ఆజ్ఞలు ఇవ్వడం మానేసి పని పంపకం రాతలో పెట్టండి. ప్రతి సోమవారం ప్రార్థన తర్వాత 10 నిమిషాలు నిలబడే మాట్లాడుకుని, ఆ వారం ఎవరు ఏం చేస్తారో నోటుబుక్కులో రెండు లైన్లు రాసి ఇద్దరూ పొడి అక్షరాలు వేయండి. కష్టమైన పనిలో మొదటి వాటా ఇన్‌చార్జే తీసుకోవాలి. ఒకటి, రెండు తరగతుల జంట ఎవరికీ ఇష్టం ఉండదు. అది మీరు తీసుకుంటే మిగతా మాటలకు బరువు వస్తుంది. పైగా చదువు పునాది పడేది అక్కడే.

ఆన్‌లైన్ పని తరగతి సమయాన్ని తినకుండా గీత గీయండి. హాజరు, భోజనం సంఖ్య తప్ప మిగతా నివేదికలన్నీ సాయంత్రం బడి వదిలాకో, భోజన విరామంలోనో 30 నిమిషాల్లో ముగించాలి. వాట్సాప్‌లో ‘అర్జెంట్’ అని వచ్చినదాన్ని చూసి, ఈరోజే పంపాల్సిందా కాదా అని సీఆర్‌పీకి (క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌కు) ఒక ఫోన్ చేస్తే సగానికి సగం సాయంత్రానికి వాయిదా పడతాయి. కాంప్లెక్స్ (చుట్టుపక్కల బళ్ళ టీచర్ల) సమావేశం ఉన్న రోజు ఒక్కరే ఐదు తరగతులు చూడాలి. దానికి ముందే సరంజామా సిద్ధంగా ఉండాలి: 1, 2 తరగతులకు రాసుకునే పని, 3, 4, 5కు జంటల్లో చదువుకునే కథలు, మధ్యలో అరగంట అందరికీ కలిపి మౌఖిక లెక్కలు.

మొదటి నెల

కొత్తగా వచ్చినవారు మొదటి రెండు వారాలు ఏదీ మార్చకపోవడం మంచిది. టైంటేబులు, కూర్చునే గదులు, ప్రార్థన పద్ధతి అట్లాగే ఉంచండి. చిన్నపిల్లలకు మనిషి మారడమే పెద్ద మార్పు. గది కూడా మారితే ఒకటో తరగతిలో నలుగురైదుగురు రావడం మానేస్తారు. భద్రతకు సంబంధించినవి మాత్రం ఆగకూడదు: వేలాడే కరెంటు తీగ, మూతలేని నీళ్ళ ట్యాంకు, పెచ్చులూడే పైకప్పు. వీటిని చేరిన రోజే చూసి, ఆ గదిలో పిల్లలను కూర్చోబెట్టకుండా ఆపి, గ్రామ కార్యదర్శికీ ఎంఈఓకూ రాతలో ఇవ్వండి.

మొదటి వారం పిల్లల పుస్తకం చేతిలో పట్టుకుని తరగతికి ఐదుగురిని పిలిచి చదివించండి. పుస్తకంలో రాసినదీ మీరు విన్నదీ కలిస్తే ఆ పుస్తకాన్ని నమ్మొచ్చు. కలవకపోతే మళ్ళీ మొత్తం పిల్లల్ని చూడాలి. రోజూ భోజనం పిల్లలకంటే ముందు రుచి చూసి రిజిస్టరులో రాయండి.

రెండో వారం ఊరు తిరగండి, సాయంత్రం ఐదు తర్వాత. పొద్దున పోతే పత్తి చేన్ల కాలంలో ఇంట్లో ఎవరూ దొరకరు. వరుసగా నాలుగైదు రోజులు రాని పిల్లల ఇళ్ళకు ముందు వెళ్ళాలి. అంగన్‌వాడీ టీచరును కలిసి వచ్చే జూన్‌లో ఒకటో తరగతికి వచ్చే పిల్లల పేర్లు రాసుకోండి. ‘పాత మేడం పోయిందట, ఇక బడి ఎట్లుంటదో’ అనే అనుమానం జూన్, జూలైల్లో వ్యాపిస్తే నర్సంపేటకో, పరకాలకో, హనుమకొండకో పోయే ప్రైవేటు బడి వ్యాను ఆ వాడకట్టు దాకా వస్తుంది. దానికి జవాబు కరపత్రం కాదు. మూడో తరగతి పిల్ల తన తల్లి ముందు పాఠం గడగడా చదివి చూపించడం. కాబట్టి మూడో వారంలో తల్లుల సమావేశం పెట్టండి. ప్రసంగం ఐదు నిమిషాలకు మించకుండా, పిల్లలు చదవడం, లెక్క చేయడం అరగంట ఉండేటట్టు చూడండి. ఇంకా రాని పిల్లను అందరి ముందు నిలబెట్టొద్దు. ఆ తల్లితో విడిగా మాట్లాడండి.

ఈ ప్రాంతపు హాజరు కాలాన్ని బట్టి నడుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పత్తి ఏరుడు, ఫిబ్రవరి, మార్చిలో మిర్చి ఏరుడు. నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లలు చిన్న తమ్ముణ్ణి చూసుకోవడానికి ఆగిపోతారు. ఆ తమ్ముణ్ణి అంగన్‌వాడీలో వేయిస్తే అక్క బడికొస్తుంది. ములుగు, భూపాలపల్లి వైపు ఛత్తీస్‌గఢ్ నుంచి మిర్చి ఏరడానికి వచ్చే కుటుంబాల పిల్లలు కొన్ని వారాలే ఉన్నా వాళ్ళను బళ్ళో కూర్చోబెట్టాలి. రెండేళ్ళకోసారి మేడారం జాతర వారం దాదాపు ఊరంతా కదిలిపోతుంది, ఆ వారానికి పరీక్ష పెట్టుకోకూడదు. వేరే జిల్లా నుంచి వచ్చిన హెచ్ఎంకు ఇవి చెప్పి వెళ్ళడం పాతవారి బాధ్యత.

తేదీలు తప్పితే పిల్లల అవకాశమే పోయేవి కొన్ని ఉన్నాయి. నాలుగో తరగతి పిల్లలకు గురుకుల ఐదో తరగతి ప్రవేశ పరీక్ష, ఐదో తరగతి పిల్లలకు మామునూరు నవోదయ పరీక్ష. వీటికి కుల, ఆదాయ, స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్‌లో పేరు సరిదిద్దడం లాంటి పనులకు నెల పడుతుంది. హెచ్ఎం మారిన ఏడాదే ఇవి ఎక్కువగా జారిపోతాయి. ఎవరెవరి కాగితాలు ఎంతవరకు వచ్చాయో పిల్లల పుస్తకం వెనక పేజీలో ఉండాలి.

మంచి హెచ్ఎం ఎక్కడ కనపడతారు

రంగులు వేసిన గోడలు, నిండుగా రాసిన రిజిస్టర్లు చూసి నాయకత్వం కొలవొద్దు. కాంప్లెక్స్ హెచ్ఎం గానీ ఎంఈఓ గానీ బడికి వస్తే ఈ నాలుగు చూస్తే తెలిసిపోతుంది. ‘మూడో తరగతిలో చదవడం రానివాళ్ళు ఎవరు’ అని అడిగితే రిజిస్టరు తీయకుండా పేర్లు చెబుతున్నారా. గత నెలలో తోటి టీచరు తరగతిలో ఎన్నిసార్లు కూర్చున్నారు. ముందుసారి చెప్పిన మార్పు ఈసారి కనపడుతోందా. హెచ్ఎం సెలవులో ఉన్న రోజు బడి అదే గంటకు మొదలైందా. ఈ చివరిది అన్నిటికంటే నమ్మదగిన కొలత.

తరగతి పరిశీలనకు పద్ధతి ఉంది. ముందుగా చెప్పి వెళ్ళాలి, 30 నిమిషాలు వెనక కూర్చోవాలి, మధ్యలో టీచరును దిద్దకూడదు. టీచరు ఏం చేశారో రాయడం కంటే పిల్లలు ఏం చేశారో రాయడం మేలు: ‘22 మందిలో 6గురే జవాబులు చెప్పారు, కిటికీ పక్క వరుసలో ఒక్కరిని కూడా అడగలేదు, బోర్డు మీది లెక్కను 9 మంది చూసి రాసుకున్నారు.’ అదే రోజు సాయంత్రం ఒక మంచి విషయం, మార్చాల్సిన ఒకే ఒక విషయం చెప్పాలి. ఐదారు చెబితే ఒక్కటీ జరగదు. వారం తిరిగేలోపు ఆ ఒక్క విషయం కోసమే 10 నిమిషాలు మళ్ళీ వెళ్ళి చూడాలి. ఇన్‌చార్జి ఎస్‌జీటీకి ఇది ఇబ్బందిగా ఉంటే ముందు తన తరగతికే తోటి టీచరును పిలిచి పరిశీలించమనాలి.

ఎదురు రావాల్సిన మనిషి రాకపోతే

కొన్నిసార్లు వెళ్ళేవారు వెళ్ళిపోతారు, వచ్చేవారు రారు. ఏకోపాధ్యాయ బడిలో ఇది బడి మూతపడే ప్రమాదం. ప్రత్యామ్నాయంగా ఎవరిని వర్క్ అడ్జస్ట్‌మెంట్ (వేరే బడి నుంచి తాత్కాలిక సర్దుబాటు) మీద పంపుతున్నారో రాతలో వచ్చాకే రిలీవ్ కావడం మేలని ఎంఈఓను ముందే కోరండి. ఆర్డరు వచ్చేసి, ఇక ఆగడానికి లేకపోతే తాళాలు ఎవరి చేతికంటే వారి చేతికి ఇవ్వకూడదు. బియ్యం తూకం, గుడ్ల సంఖ్య, నగదు పుస్తకం నిల్వ, రిజిస్టర్ల జాబితా మూడు ప్రతులు రాసి, సీఆర్‌పీ, కమిటీ చైర్‌పర్సన్ సమక్షంలో సంతకాలు పెట్టించండి. ఒక ప్రతి ఎంఈఓకు, ఒకటి బీరువాలో, ఒకటి మీ దగ్గర. బీరువా తాళం కాంప్లెక్స్ హెచ్ఎంకు, వంటగది తాళం ఏజెన్సీకి, బడి గేటు తాళం చైర్‌పర్సన్‌కు ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో ఆ మూడు ప్రతుల్లోనూ రాయాలి. పిల్లల పుస్తకాన్ని మాత్రం బీరువాలో పెట్టి తాళం వేయొద్దు. మర్నాడు పొద్దున ఆ బడికి వచ్చే టీచరు, ఒక్క రోజు కోసం వచ్చినా సరే, మొదట తెరవాల్సింది అదే కాబట్టి టేబుల్ మీద కనపడేటట్టు ఉంచి, రాబోయే టీచరుకు ఫోన్ చేసి అక్కడ ఉందని చెప్పండి. పదిహేను రోజుల తర్వాత ఇంకోసారి ఫోన్ చేసి, 3వ తరగతి 11వ నంబరు పాపకు ఒత్తులు వచ్చాయా అని అడగండి.